యార్డులో లీటరు 82కే డీజిల్ పోస్తున్నారు. ఎవరికి చెప్పాలి, చెబితే ఏమవుతుంది?

ఆటోనగర్_డీసీఎం:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదివి, తెలిసినవాళ్లు జవాబు చెప్పండి.

నాకు రెండు డీసీఎంలు ఉన్నాయి. ఒకటి 2016 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండోది 2021లో ఫైనాన్స్ మీద తీసుకున్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి. నెలకు 31,200 ఈఎంఐ, ఇంకా 14 నెలలు కట్టాలి. హైదరాబాద్ కాటేదాన్‌లో లోడు ఎత్తి మేడ్చల్, శామీర్‌పేట వైపు గోదాముల్లో దించుతాం. రాత్రిళ్లు బండ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఒక యార్డులో పెడతాం.

మూడు నెలల కింద యార్డు వెనక రేకుల షెడ్డులో తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు దించారు. కెమికల్ కంపెనీల దగ్గర చూసే ఉంటారు, చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది, ఒక్కోటి వెయ్యి లీటర్లది. మొదట రెండు తెచ్చారు, ఇప్పుడు ఎనిమిది అయ్యాయి. ఒక చిన్న మోటారు, పైపు, బంక్‌లో ఉండేలాంటి గన్ను. రాత్రి పది దాటాక పోస్తారు. లీటరు 82. బంక్‌లో నాకు 95 రూపాయల 70 పైసలు పడుతోంది. ఇదేంటి అని అడిగితే ఒకరోజు ‘ఇండస్ట్రియల్ ఆయిల్’ అంటారు, ఇంకోరోజు ‘బయో’ అంటారు. బిల్లు అడిగితే బేస్ ఆయిల్ అని రాసిన జీఎస్టీ బిల్లు జిరాక్సు చూపిస్తారు. ఎవరి పేరు మీద ఉందో చదివేలోపే మడిచి జేబులో పెట్టుకుంటారు.

లెక్క వేసుకోకుండా ఎవరూ ఉండలేరు. నేనూ వేశాను. బండికి రోజుకు 40 లీటర్లు, నెలకు 25 రోజులు. ఒక్క బండి మీద 13,700 మిగులుతుంది. రెండు బండ్ల మీద 27,400. అంటే దాదాపు నా ఈఎంఐ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా పోయించలేదు. కొత్త బండి పాడైతే మళ్లీ లేవలేనన్న భయం ఒకటి. రెండోది, మా నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడు. ఆయన కాలంలో నీలం కిరోసిన్ కలిపేవాళ్లు. కలిపిన బండి పొగను చూసే గుర్తుపట్టేవాడు, తను మాత్రం ఎప్పుడూ కలపలేదు.

నేను పోయించకపోయినా మా డ్రైవర్ పోయించాడు. నేను బంక్‌కని ఇచ్చిన డబ్బులతో అక్కడ పోయించుకుని మిగిలింది ఇంటికి పంపుకున్నాడు. ఎన్నిసార్లు చేశాడో తెలియదు. పోయిన నెల ఔటర్ రింగ్ రోడ్డు మీద శామీర్‌పేట ఎగ్జిట్ దాటాక పికప్ పడిపోయి, వార్నింగ్ లైటు వెలిగి బండి ఆగిపోయింది. క్రేన్‌తో లాగించాం. రెండు ఇంజెక్టర్లు మార్చి, మిగతా రెండు క్లీన్ చేసి, ట్యాంకు దించి కడిగి, ఫిల్టర్లు మార్చి, సైలెన్సర్‌లో ఉండే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) క్లీన్ చేసేసరికి 86,000 అయింది. పన్నెండు రోజులు బండి నిలబడింది. ట్యాంకులోంచి తీసిన శాంపిల్ చూసి కంపెనీ సర్వీస్ వాళ్లు వారంటీ రాదని చెప్పేశారు. వాళ్లది తప్పని నేను అనను.

ఆ 86,000 కన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది కిరాయి సంగతి. నాతోపాటు కాటేదాన్‌లో లోడు ఎత్తే ఇద్దరు ముగ్గురు ట్రిప్పుకు 400 తక్కువ చెబుతున్నారు. ఎలా గిట్టుబాటు అవుతోందో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. లోడు ఇచ్చే మేనేజర్‌కు మాత్రం నేను ఎక్కువ అడిగేవాడిలా కనిపిస్తున్నాను. నాకు లోడు ఇచ్చే పార్టీలు రెండు ఇప్పటికే పోయాయి. బంక్‌లో బిల్లు తీసుకుని పోయించుకునేవాడు ఇలా ఎన్ని నెలలు నిలబడగలడు?

ఇంకో విషయం. ఆ షెడ్డు గోడకు పదడుగుల దూరంలో డ్రైవర్లు స్టవ్ వెలిగించి అన్నం వండుకుంటారు. అక్కడే చాపలు వేసుకుని పడుకుంటారు. పక్కన ఎనిమిది వేల లీటర్లు.

నేను అడిగేది ఇది. అసలు అది ఏ నూనె? కొన్నవాడి మీద కూడా కేసు అవుతుందా? నేను ఏ ఆఫీసుకు వెళ్లాలి? ఒక ఆఫీసులో అడిగితే ఇది మా పరిధిలోకి రాదు, ఇంకో చోట చెప్పమన్నారు. రోజూ రాత్రి నా బండ్లు ఆ యార్డులోనే ఉండాలి, అందుకే భయం కూడా ఉంది.

పంపు_మేస్త్రీ:

అన్నా, నేను డీజిల్ పంపులు, ఇంజెక్టర్ల పని చేస్తాను, ఇరవై ఏళ్లుగా ఇదే పని. నీ కేసు లాంటివి నా దగ్గరికి నెలకు నాలుగైదు వస్తున్నాయి. అందరూ మొదట చెప్పే మాట ఒకటే, ‘బంక్‌లోనే పోయించాను’ అని. నువ్వు నిజం రాశావు, సంతోషం.

బండి ఎందుకు పోయిందో చెబుతా. లారీ టైరులో గాలి ఏడెనిమిది బార్ ఉంటుంది. కామన్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో, డీజిల్ 1600 బార్ పైన ఒత్తిడితో ఉంటుంది. అంత ఒత్తిడిలో పంపు లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా కాపాడేది వేరే ఆయిల్ కాదు, ఆ డీజిలే. అందులో ఉండే జిగురుదనమే దానికి రక్ష. కిరోసిన్, సాల్వెంట్ లాంటి పలచటివి కలిస్తే ఆ జిగురు పోతుంది. పంపు గీసుకుపోయి సన్నటి ఇనుప పొడి రాలుతుంది. ఆ పొడి నేరుగా ఇంజెక్టర్‌లోకి పోతుంది. పాత 2016 బండి కొన్నాళ్లు తట్టుకుంటుంది, బీఎస్-6 తట్టుకోదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంక్‌లో దొరికే డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) మించకూడదు. డీపీఎఫ్ ఆ డీజిల్‌ను నమ్ముకుని చేసిందే. ఎక్కువ గంధకం ఉన్న నూనె పోస్తే మసితో మూసుకుపోతుంది.

రెండో బండి కూడా ఒకసారి చూసుకో. ఫిల్టర్ విప్పి తెల్ల గిన్నెలోకి వంచి, అడుగున అయస్కాంతం పెట్టు. వెండి రంగు పొడి అంటుకుంటే బండి నడపకు, ముందు పంపు విప్పించు.

డ్రైవర్‌ను పనిలోంచి తీసేయకు అన్నా. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో ఎక్కువమందికి అది ఇంజన్‌ను తింటుందని తెలియదు. తక్కువ రేటు డీజిల్ అనే అనుకుంటారు.

మాజీ_సేల్స్ఆఫీసర్:

తమ్ముడూ, నేను ఒక ప్రభుత్వ చమురు కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. చర్లపల్లి, ఘట్‌కేసర్ వైపు చాలా ఏళ్లు తిరిగాను. మీ ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

అది ఏ నూనె అన్నది ల్యాబ్‌లోనే తేలుతుంది. బేస్ ఆయిల్ అంటే లూబ్రికెంట్లు తయారుచేసే ముడిసరుకు. దాంట్లో పలచటి సాల్వెంట్ కొంత కలిపితే చూపుకు, వాసనకు డీజిల్‌లా తయారవుతుంది. చిక్కటిదీ పలచటిదీ కొలతగా కలుపుతారు కాబట్టి డెన్సిటీ (సాంద్రత) కూడా సరిపోతుంది. బంక్‌లో మనం హైడ్రోమీటర్, 500 మిల్లీలీటర్ల జారుతో చూసే పరీక్ష ఉంది కదా, 15 డిగ్రీలకు లెక్కగట్టి, ట్యాంకర్ చలానాలో ఉన్న అంకెతో ఘనపు మీటరుకు 3 కిలోల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదంటాం. బంక్‌లో ఆ పరీక్ష అడగడం ప్రతి కస్టమర్ హక్కు, అడగండి కూడా. కానీ ఇలాంటి మిశ్రమాన్ని అది పట్టుకోలేదు. ఫ్లాష్ పాయింట్ (ఎంత వేడికి ఆవిరి అంటుకుంటుంది), గంధకం, ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత ఆవిరవుతోంది, ఇవన్నీ చూస్తేనే దొరుకుతుంది. బయోడీజిల్ అనే పేరు కూడా ఊరికే వాడుకుంటున్నారు. అసలు బయోడీజిల్ చెట్ల నూనెలు, వాడేసిన వంటనూనెల నుంచి వస్తుంది. దాన్ని అమ్మడానికి 2019లో కేంద్రం నియమాలు పెట్టింది, రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. రాత్రి పదింటికి రేకుల షెడ్డులో పోసేవాడికి ఆ రిజిస్ట్రేషన్ ఉంటుందని నేను అనుకోను.

అంత తక్కువకు ఎలా ఇస్తారంటే, పన్నులోనే ఉంది కిటుకు. డీజిల్, పెట్రోల్ జీఎస్టీలో లేవు. డీజిల్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, ఆ పైన తెలంగాణ 27 శాతం వ్యాట్ వేస్తుంది. మీరు చెప్పిన 95.70లో వ్యాట్ ఒక్కటే దాదాపు 20 రూపాయలు. బేస్ ఆయిల్ మాత్రం 18 శాతం జీఎస్టీతో వస్తుంది. డీజిల్‌కు కట్టాల్సిన రెండు పన్నులూ ఎగ్గొట్టి 82కి అమ్మినా వాడికి లాభమే. రేటులో తేడా ఎటు ఉంటే సరుకు అటు పారుతుంది. 2022 మార్చిలో టోకు డీజిల్ బంక్ రేటు కన్నా లీటరుకు 25 రూపాయలు పెరిగినప్పుడు మన ఆర్టీసీ బస్సులు కూడా బంక్‌లకు వచ్చి పోయించుకున్నాయి. అది చట్టబద్ధమే. బీదర్ వైపు వెళ్లే లారీలు కర్ణాటకలో ట్యాంకు నింపుకోవడం కూడా అంతే. అది బంక్ డీజిల్, ఏదో ఒక రాష్ట్రానికి పన్ను చేరింది, బిల్లు ఉంది. మీ యార్డులో జరుగుతున్నది వేరు.

మీ నాన్నగారి నీలం కిరోసిన్ మాట చదివి పాత రోజులు గుర్తొచ్చాయి. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు వేసింది దాన్ని గుర్తుపట్టడానికే. బ్లీచింగ్ మట్టిలోంచి వడకట్టి ఆ రంగు తీసేసేవాళ్లు. 2006లో కంటికి కనపడని మార్కర్, అంటే పరీక్షలో మాత్రమే తేలే గుర్తు రసాయనం, కలపడం మొదలుపెట్టారు. కొన్నాళ్లు కల్తీదారులు నిజంగా భయపడ్డారు. తర్వాత దాన్ని కూడా మట్టితో తీసేయొచ్చని తేలి ఆ పథకం ఆగిపోయింది.

చట్టం విషయం. నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద 2005లో వచ్చిన ఆర్డర్ ఒకటి ఉంది. పెట్రోల్, డీజిల్ అమ్మకం, కల్తీ అన్నీ దాని కిందికి వస్తాయి. సాల్వెంట్ల మీద 2000లో వేరే ఆర్డర్ వచ్చింది, అది వాహనాల్లో వాడటాన్నే నిషేధించింది. కాబట్టి ‘నేను కొన్నాను, కలపలేదు’ అన్న మాట కాపాడదు. ఏడో సెక్షన్ కింద శిక్ష మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. సరుకుతోపాటు దాన్ని తరలించిన బండిని కూడా కలెక్టర్ జప్తు చేయవచ్చు. మీ యార్డుకు ఆ నూనె తెచ్చే బౌజర్‌కు (ట్యాంకర్ బండికి) డ్రైవర్లను అరువిస్తున్న ఓనర్లెవరైనా ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఎవరికి చెప్పాలంటే, మీకు ఎదురైన ఇబ్బందికి కారణం ఉంది. కల్తీ పౌరసరఫరాల శాఖది, వ్యాట్ వాణిజ్య పన్నుల శాఖది, నిల్వ లైసెన్సు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసోది, కొలత తూనికలు కొలతల శాఖది. చమురు కంపెనీ ఆఫీసర్ తన డీలర్ బంక్‌లో శాంపిల్ తీయగలడు కానీ యార్డులోకి వెళ్లలేడు. అందుకే ఒకే కాగితం మీద అంతా రాసి రంగారెడ్డి జిల్లా పౌరసరఫరాల అధికారికి ఇవ్వండి, కాపీ మిగతా వాళ్లకు పెట్టండి. ముందు 1967కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నిల్వ సంగతి తప్పకుండా రాయండి. డీజిల్ తరగతి నూనె 2,500 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి, మీరు చెప్పింది ఎనిమిది వేలు. కల్తీ అని తేలాలంటే ల్యాబ్ రిపోర్టు రావాలి. ట్యాంకులు ఎన్ని ఉన్నాయో మాత్రం వచ్చిన అధికారి నిలబడి లెక్కపెట్టవచ్చు.

ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. మీరు శాంపిల్ తీయకండి, ఫోటోల కోసం షెడ్డులోకి వెళ్లకండి, వాళ్లతో వాదం పెట్టుకోకండి. షణ్ముగం మంజునాథ్ నాలాంటి సేల్స్ ఆఫీసరే. ఐఐఎం లక్నోలో చదివి ఇండియన్ ఆయిల్‌లో చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కల్తీ పట్టుకుని బంక్‌కు సీలు వేసినందుకు 2005 నవంబర్‌లో కాల్చి చంపారు. 27 ఏళ్లు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర కల్తీని అడ్డుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనవణేను 2011 జనవరి 25న, రిపబ్లిక్ డేకి ముందురోజు, సజీవ దహనం చేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరం భోజనం చేయలేదు. మీ భయం సరైన భయమే. పేరు గోప్యంగా ఉంచాలని ఫిర్యాదులోనే రాయండి.

న్యూరీ_తెలుగబ్బాయి:

అన్నా, మాది ఎల్బీ నగర్. ఇప్పుడు ఉత్తర ఐర్లండ్‌లో న్యూరీ దగ్గర ఒక లాజిస్టిక్స్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఆ బ్లీచింగ్ మట్టి మాట చదివి ఆశ్చర్యపోయాను, ఇక్కడి కథా అదే.

ఇక్కడ ట్రాక్టర్లు, పొలం పనుల కోసం పన్ను తగ్గించిన డీజిల్ ఇస్తారు. దానికి ఎర్ర రంగు వేస్తారు, రెడ్ డీజిల్ అంటారు. 2022 మార్చిలో తగ్గించాక దాని సుంకం లీటరుకు 10.18 పెన్సులు అయింది. రోడ్డు మీద తిరిగే బండి డీజిల్‌కు అప్పుడు తగ్గించాక కూడా 52.95 ఉండింది. ఈ తేడా కోసం రంగు తీసేసి రోడ్డు డీజిల్‌గా అమ్ముతారు. ఆసిడ్‌తోనో మట్టితోనో తీశాక మిగిలే విషపు మడ్డిని అవే తెల్ల వెయ్యి లీటర్ల ట్యాంకుల్లో రోడ్డు పక్కన, వాగుల దగ్గర వదిలేసి పోయేవాళ్లు. సౌత్ ఆర్మా అనే ప్రాంతంలో ఇది ఎక్కువ. శుభ్రం చేయించే ఖర్చు జనం పన్నుల్లోంచే.

2015లో ఇక్కడా, పక్క ఐర్లండ్‌లోనూ తీయడం చాలా కష్టమైన కొత్త మార్కర్ తెచ్చారు. పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ వాళ్లు రోడ్డు మీద బండి ఆపి ట్యాంకులో గొట్టం ముంచి అక్కడికక్కడే పరీక్షిస్తారు. దొరికితే బండి తీసుకుపోతారు. 2022 ఏప్రిల్ నుంచి కట్టుబడి పనుల మెషీన్లకు కూడా ఎర్ర డీజిల్ ఆపేశారు. నాకు ముఖ్యంగా అనిపించేది, ఇక్కడ ఇంధనం మీద పన్ను, పరీక్ష, జప్తు అంతా ఒకే శాఖ చేతిలో ఉంది. మీలాగా నాలుగు ఆఫీసులు తిరగాల్సిన పని లేదు.

ఇంకోటి. మా కంపెనీ ఎవరికి లోడు ఇచ్చినా వాళ్ల ఇంధనం బిల్లులు అడుగుతుంది. మీరు కూడా మీ పార్టీలకు ఆ బిల్లులు చూపించి చూడండి. పెద్ద కంపెనీల ఆడిటర్లకు కల్తీ డీజిల్ బండిలో తమ సరుకు దొరకడం అస్సలు ఇష్టం ఉండదు.

ఆటోనగర్_డీసీఎం:

ఇరవై మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. అడిగినవాళ్లు, మెసేజ్‌లు పెట్టినవాళ్లు అందరికీ దండాలు.

సార్ చెప్పినట్టే ఒకే కాగితం రాశాను. మా చెల్లెలు డిగ్రీ చదువుతోంది, తనే టైపు చేసింది. పైన ట్యాంకుల సంగతి, కింద కల్తీ అనుమానం, ఆ కింద డ్రైవర్లు పడుకునే చోటు. పేరు గోప్యంగా ఉంచమని రాశాను. ఇచ్చిన ఆరో రోజు పొద్దున వచ్చారు. నేను అప్పుడు కాటేదాన్‌లో లోడు దగ్గర ఉన్నాను, యార్డు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి షెడ్డులో ఐదు ట్యాంకులే ఉన్నాయట, బౌజర్ లేదు. ఎవరో ముందే చెప్పి ఉంటారు. ఆ ఐదింటికి సీలు వేశారు. లీటరు చొప్పున మూడు అల్యూమినియం డబ్బాల్లో శాంపిళ్లు తీశారు. ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. షెడ్డుకు తాళం ఉంది. బౌజర్ ఇప్పుడు ఇంకో వైపు తిరుగుతోందని విన్నాను. ఎక్కడో కచ్చితంగా తెలిస్తే మళ్లీ రాసిస్తాను.

మేస్త్రీ అన్నా, రెండో బండి ఫిల్టర్ చూశాను. అయస్కాంతానికి ఏమీ అంటుకోలేదు. ఆ రోజు మా అమ్మ దీపం పెట్టింది.

డ్రైవర్‌ను తీసేయలేదు. కూర్చోబెట్టి మాట్లాడాను. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, నేనిచ్చే జీతంతో ఎలా నెట్టుకొస్తున్నాడో అప్పుడే మొదటిసారి పూర్తిగా విన్నాను. 86,000లో ఒక్క రూపాయి కూడా అతని జీతంలో కోయడం లేదు. ఇక మీద డీజిల్ డబ్బులు చేతికి ఇవ్వను, బంక్ వాళ్లకు నేనే ఫోన్‌లో పంపుతాను. జీతం మాత్రం 1,500 పెంచాను.

న్యూరీ తమ్ముడూ, నువ్వు చెప్పిన మాట ఒకచోట పనిచేసింది. పోయిన పార్టీల్లో ఒకరి దగ్గరికి మూడు నెలల బంక్ బిల్లులు ఫైల్‌లో పెట్టుకుని వెళ్లాను. మేనేజర్ రేటు పెంచలేదు. కానీ బిల్లులు తిరగేసి, వచ్చే నెల నుంచి అన్ని బండ్ల వాళ్లనూ ఇవి అడుగుతాను అన్నాడు. వారానికి రెండు లోడ్లు ఇచ్చాడు. రెండో పార్టీ వినలేదు.

యార్డులో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. నేనే చెప్పానని వాళ్ల అనుమానం. బండ్లు ఇప్పుడు హయత్‌నగర్ వైపు వేరే చోట పెడుతున్నాను, నెలకు 2,000 ఎక్కువ అడిగారు, ఇచ్చాను. ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను.